తొమ్మిదో కళ్లం

ఏసేపు ఏం పని చేస్తాడని తెల్లగుట్టలో ఎవరినడిగినా నవ్వి, "ఇసుకకు తల దువ్వుతాడు" అంటారు. ఎగతాళికి అన్న మాటైనా అందులో అబద్ధమేమీ లేదు. రోజూ తెల్లవారగానే ఊరికి ఉత్తరాన ఉన్న బీట్లోకి పోయి, అక్కడి తొమ్మిది ఇసుక వృత్తాలను గోనెపట్ట చుట్టిన చెక్కతో లాగి చదును చేయడం ఆయన పని. ఆ పని చేయమన్న కంపెనీ మూతబడి పదమూడేళ్లయింది. ఆ ఇసుక మీద ఆడటానికి మనిషి వచ్చి ఆరేళ్లు దాటింది. ఏసేపు మాత్రం పని మానలేదు. ఆదివారం ఒక్కటే సెలవు, అది దేవునిది.

గోల్ఫు అనగానే మనకు టీవీలో కనిపించే పచ్చటి గడ్డి గుర్తుకొస్తుంది. తొంభై ఏళ్ల కిందట ఇక్కడ ముగ్గురాయి గని తెరిచిన తెల్లదొరలకు కూడా ఆ గడ్డే గుర్తుకొచ్చి ఉంటుంది. కానీ డోన్ చుట్టుపక్కల తాగడానికే నీళ్లు కరువు, గడ్డికి ఎక్కడ తెస్తారు? అందుకని గడ్డి ఉండాల్సిన చోట మెత్తటి ఇసుక పోసి, అది గాలికి లేవకుండా కాలిన ఇంజను నూనె కలిపి, గుండ్రంగా పరిచారు. దాని నడుమ ఒక గుంత, గుంతలో ఒక జెండా కర్ర. దూరం నుంచి బంతిని కొట్టుకుంటూ వచ్చి, ఆ ఇసుక మీదికి చేర్చి, అక్కడి నుంచి మెల్లగా దొర్లించి గుంతలో వేస్తే ఒక అంకం ముగిసినట్టు. అట్లాంటివి తొమ్మిది. ఊరివాళ్లకు ఆ గుండ్రాలు నూర్పిడి కళ్లాల్లాగే కనబడ్డాయి గనక వాటికి కళ్లాలనే పేరు పడింది. దొరలు పోయారు, పేరు ఉండిపోయింది.

ఏసేపు పద్నాలుగో ఏట అక్కడ ఆటగాళ్ల సంచి మోసే పనిలో చేరాడు. అప్పట్లో పదకొండు మంది ఉండేవాళ్లు. ఒకడు కువైటు పోయాడు, ఇద్దరు పత్తికొండలో టమాటా గంపలు మోశారు, కడపటిదాకా తోడున్న దేవేంద్రప్ప బెంగళూరులో వాచ్‌మన్‌గా పోయి అక్కడే కన్నుమూశాడు. పదకొండు మంది పని ఏసేపు ఒక్కడి మీద పడినా, అసలు పనే లేకపోవడం వల్ల అది బరువనిపించలేదు.

పని నేర్పింది మేనేజరు రామకృష్ణ. కంపెనీ మన దేశపు వాళ్ల చేతికి వచ్చాక ఇరవై ఏళ్లు ఇక్కడ ఏలినవాడు. కోపిష్టి, కానీ ఆటంటే ప్రాణం. ఆయన పెట్టిన నియమాలు మూడు. ఒకటి, ఆటగాడు స్టేషన్‌లో దిగేసరికి సంచి మోసేవాడు అక్కడ నిలబడి ఉండాలి. దించిన సంచి తొలి దెబ్బ కొట్టేదాకా నేలను తాకకూడదు. రెండు, ఆట జరిగేటప్పుడు మాట గానీ చప్పుడు గానీ ఉండకూడదు. మూడు, ఆట అయిపోయిన కళ్లం మీద మనిషి అడుగు మిగలకూడదు. ఈ మూడో నియమం కోసమే చెక్క లాగడం. గుంత దగ్గర మొదలుపెట్టి, చెక్కను వెనక ఈడ్చుకుంటూ, చుట్టు మీద చుట్టు వెడల్పుగా తిరుగుతూ బయటికి రావాలి. చివరి చుట్టు ముగించి గట్టు మీద కాలు పెట్టేసరికి, లాగినవాడి అడుగులు కూడా చెరిగిపోతాయి. నలభై ఏడేళ్లలో ఏసేపు కాలి గుర్తు ఒక్కటి కూడా ఆ ఇసుక మీద నిలవలేదు.

తీరికవేళల్లో మేనేజరు పెద్ద పెద్ద మైదానాల సంగతులు చెప్పేవాడు. కలకత్తాలో ఒకటుందట, దాని వయసు రెండు వందల ఏళ్లకు దగ్గర. ఊటీలో ఇంకొకటి, చలికి వణుక్కుంటూ ఆడాలట. వాటన్నిటికీ పెద్దది స్కాట్లాండు దేశంలో సముద్రం ఒడ్డున ఉందట, పేరు సెయింట్ ఆండ్రూస్. లోకంలో గోల్ఫాడేవాడు ఎవడైనా చచ్చేలోగా ఒక్కసారి అక్కడ అడుగుపెట్టాలనుకుంటాడట. ఆండ్రూస్ అంటే అంద్రెయ అని మేనేజరు చెప్పినప్పుడు ఏసేపు చేతిలో గోనెపట్ట అట్లాగే ఉండిపోయింది. పేతురు తమ్ముడు అంద్రెయ, చేపలు పట్టే అంద్రెయ, తన బైబిల్లో ఉన్నవాడు. ఆ రాత్రి భార్య రెజీనాతో, "మన అపొస్తలుని పేరు పెట్టినారంట, అంత పెద్ద కళ్లానికి" అని చెప్పుకుని మురిసిపోయాడు. అప్పటి నుంచి ఆ మైదానం ఆయనకు దూరదేశంలోని చుట్టాలిల్లు అయింది.

రెజీనా కరోనా రెండో ఏడు పోయింది. పిల్లలు లేరు. చెక్కకు చుట్టిన గోనెపట్ట ఆమె కుట్టిందే. దబ్బనంతో దగ్గర దగ్గరగా వేసిన ఆ కుట్లు ఇప్పటికీ ఊడలేదు. ఆమె పోయాక ఇంట్లో మాట్లాడేవాళ్లు లేక, ఏసేపు బీట్లో గట్టిగానే మాట్లాడటం మొదలుపెట్టాడు. మూడో కళ్లాన్ని తిట్టేవాడు, దాని అంచు ఎప్పుడూ విరుగుతుంది. ఏడో కళ్లానికి కుశలం చెప్పేవాడు. చూసినవాళ్లకు పిచ్చి పట్టిందనిపించింది. ఒంటరితనానికి ఊళ్లో వేరే పేరు లేకపోతే అట్లాంటి పేర్లే పెడతారు.

కంపెనీ భూమి కొన్నవాళ్ల మనవడు భూపేష్ పోయిన నెల బీడుకు వచ్చి, బండి దిగకుండానే కబురు చెప్పాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు, కాకపోతే చెప్పాల్సింది చెప్పేసి పోయే రకం.

"ఏసేపూ, ఈ బీడు సోలారోళ్లకు ఇచ్చేసినాం. వచ్చే నెల నాలుగో సోమవారం యంత్రాలొస్తాయి. నువ్వింక ఎండలో పడి లాగేది వద్దులే."

ఏసేపు తల ఊపాడు. బాధపడ్డాడా అంటే, పడ్డాడు. కానీ భూమి ఆయనది కాదు, కంపెనీ తిరిగి రాదు, అదంతా తెలియనివాడు కాదు. ఆయన కోరుకున్నది ఒక్కటే. పోయేలోగా ఒక్క మనిషి వచ్చి తొమ్మిది కళ్లాలూ ఆడాలి. తాను సంచి మోయాలి, జెండా పట్టుకోవాలి. ఆరేళ్లుగా రోజూ చదును చేసినదాని మీద ఒక్క బంతైనా దొర్లాలి. లేకపోతే ఇంతకాలం తాను చేసినదేమిటో తనకే అర్థం కాదనిపించింది. రోజూ పండుకునే ముందు ప్రార్థనలో ఆ మాట కూడా చేర్చాడు, కొంచెం సిగ్గుపడుతూనే.

ప్రార్థన విన్నట్టే, ఆ ఆఖరి వారం బుధవారం భూపేష్ ఫోన్ చేశాడు.

"ఏమప్పా ఏసేపూ, ఒగ డాక్టరు శనివారం పొద్దున వస్తాండారు. పాత పాత గోల్ఫు మైదానాలు వెతుక్కోని పోయి ఆడతారంట. ఊటీ, కలకత్తా, ఆ స్కాట్లాండు, అన్నీ తిరిగినారంట. మనది పోతాండాదని యాడో తెలుసుకోని, ఒగసారి ఆడాలంటాండారు. చూసుకో కొంచెం."

"స్కాట్లాండు కూడానా సార్?" అన్నాడు ఏసేపు. అవతల ఫోన్ అప్పటికే పెట్టేశారు.

ఆ మూడు రోజులు ఏసేపు వయసు ఇరవై ఏళ్లు తగ్గింది. డోన్‌లో లారీలు బాగుచేసే చోటు నుంచి రెండు డబ్బాల కాలిన నూనె తెచ్చి ఇసుకలో కలిపాడు. జెండా గుడ్డలు ఉతికాడు. మైదానం షెడ్డులో ఆటగాళ్లు పేరూ దెబ్బల లెక్కా రాసుకునే పాత పుస్తకాన్ని దులిపి, కొత్త పేజీ తెరిచి, పక్కన పెన్ను కట్టాడు. ఒక్కటే చికాకు. సోలార్ కంపెనీ తాలూకు కొలతల మనుషులు, మేకులు మోసే ఆడకూలీలు వారం రోజులుగా బీడంతా తిరుగుతూ కళ్లాలు తొక్కుతున్నారు. ఆడకూలీలకు కూడా కంపెనీ బూట్లే ఇచ్చింది. పొద్దున లాగితే మధ్యాహ్నానికి మళ్లీ బూట్ల గుర్తులు. ఏసేపు తిట్టుకుంటూ మళ్లీ లాగేవాడు.

శుక్రవారం సాయంత్రం తొమ్మిదీ లాగి, కొలతలవాళ్ల మేస్త్రీ దగ్గరికి పోయి, "అప్పా, రేపు ఒగ పూట మాత్రం మీవోళ్లను ఈ పక్కకు రానీయొద్దు" అని బతిమాలాడు. మేస్త్రీ సరేనన్నాడు. ఏసేపు నమ్మలేదు. మూడు రోజులుగా ఆయన ఎవరి మాటా నమ్మే స్థితిలో లేడు.

శనివారం చీకటితోనే లేచి, ఉతికిన చొక్కా తొడుక్కుని, భుజం మీద తువ్వాలు నాలుగు మడతలు వేసుకున్నాడు. అది సంచి పట్టీ ఒరుసుకోకుండా. షెడ్డుకు పోయి, ఫోన్ ఆపేసి పుస్తకం పక్కన పెట్టాడు. ఆటలో చప్పుడు ఉండకూడదు గదా. అక్కడి నుంచి మూడు మైళ్లు నడిచి తెల్లగుట్ట రైలు హాల్టు చేరాడు.

హాల్టులో ఒక రేకుల కొట్టు ఉంది. మహానంది అందులో టీ అమ్ముతాడు. అమ్ముతాడనడం కన్నా కాచి కూర్చుంటాడనడం సబబు.

"ఎవరికోసరం అప్పా, పెండ్లికొడుకు మాదిరి తయారై వచ్చినావు?" అన్నాడు మహానంది.

"డాక్టరు వస్తాండారు, గోల్ఫాడనీకి. స్కాట్లాండులో ఆడినాయప్ప."

"అంతటి మనిషి ఈ బండికేం వస్తాడు? కారు ఉండదా ఆయప్పకు?"

"గోల్ఫాడేటోళ్లు రైలుకే వస్తారు" అన్నాడు ఏసేపు, ఇంక మాట్లాడేది లేదన్నట్టు. ఆయన ఎరిగినంతలో అందరూ రైలుకే వచ్చారు. ఆరేళ్ల కిందట ఆఖరుసారి వచ్చిన రామకృష్ణ కూడా, డెబ్బై ఎనిమిదేళ్ల ఒంటితో, రైలుకే వచ్చాడు.

పొద్దుటి ప్యాసింజరు వచ్చింది. ఒక ముసలమ్మ, మేకపిల్లతో ఒక మనిషి దిగారు. ఏసేపు పెట్టెలన్నిటి పొడుగునా నడిచి చూశాడు. బండి పోయింది. నంద్యాల వైపు నుంచి పదకొండున్నరకు ఇంకో బండి ఉంది. అందులో వస్తాడేమోనని వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఎండెక్కింది. మహానంది రెండుసార్లు టీ ఇచ్చాడు, రెండోసారి అడక్కుండానే. పదకొండున్నర బండి పన్నెండుంబావుకు వచ్చింది. అందులోంచి ఎవరూ దిగలేదు.

"పో అప్పా ఇంటికి" అన్నాడు మహానంది మెల్లగా. "రాలేదులే."

ఏసేపు ఇంకో గంట కూర్చున్నాడు, బండ్లు లేవని తెలిసీ. తర్వాత లేచి, భుజం మీది తువ్వాలు విప్పి తలకు చుట్టుకుని నడిచాడు. దారిలో ఆయనకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ డాక్టరు మీద, భూపేష్ మీద, రోజూ ఇంత నమ్మకంగా చెక్క లాగిన తన మీద కూడా. మాటిచ్చి రాకపోతే పెద్దవాళ్లకు పోయేదేముంది? ఎదురుచూసినవాడికే అన్నీ పోతాయి.

హాల్టు దారి తిన్నగా మొదటి కళ్లం దగ్గరికే వస్తుంది. చెక్క అక్కడే గట్టున ఆనించి ఉంది. కళ్లం మీద బూట్ల గుర్తులు కనబడ్డాయి. చిన్న పాదాలు. "ఆడకూలీలు మళ్లీ తొక్కినారు, మేస్త్రీ మాట మేస్త్రీదే" అనుకున్నాడు. ఎండ సూటిగా కళ్లలోకి కొడుతోంది, రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆయన ఇంక వంగి చూడలేదు. చెక్క తీసుకుని గుంత దగ్గర నిలబడి, చుట్టూ తిరిగి లాగేశాడు. రెండో కళ్లం మీదా అవే. మూడో దాని మీదా అవే. తిట్టుకుంటూ, విసురుగా, ఎనిమిదింటినీ లాగాడు. కోపంలో చేసినా పని బాగానే వచ్చింది. ఎనిమిదింటి మీదా గుర్తన్నది లేదు.

తొమ్మిదోది షెడ్డు పక్కన ఉంటుంది. అక్కడికి చేరేసరికి పొద్దు వాలింది. చెక్క పట్టుకుని గుంత దగ్గరికి పోబోతూ, జెండా కర్ర వంకరగా నిలబడి ఉండటం చూశాడు. కూలీలు కదిపి ఉంటారని, సరిచేద్దామని కర్ర పైకి తీశాడు. అంతదాకా కర్రకూ గుంత గోడకూ మధ్య ఇరుక్కుని ఉన్నదేదో గుంతలో తెల్లగా కనబడింది.

బంతి.

ఏసేపు చెక్క వదిలేశాడు. వంగి ఇసుకను చూశాడు. ఏటవాలు వెలుతురులో ఇప్పుడు స్పష్టంగా కనబడింది. కళ్లం అంచు దగ్గర బంతి పడ్డ చిన్న పల్లం. అక్కడి నుంచి గుంత వైపు సన్నటి గీత, గుంతకు ఎడమ పక్కగా జానెడు దూరంలో దాటిపోయి ఆగింది. ఆగిన చోటు నుంచి గుంతలోకి ఇంకో పొట్టి గీత. గీతల పక్కన చిన్న పాదాల బూట్ల గుర్తులు, అడుగున సన్నటి చుక్కలతో. కూలీల బూట్లకు చుక్కలుండవు.

షెడ్డులోకి పరుగెత్తాడు. పుస్తకంలో తెరిచిపెట్టిన పేజీ మీద తెలుగులో రాసి ఉంది. బైబిలు చదివే అలవాటు కొద్దీ వేలు పెట్టుకుని ఒక్కో మాటే చదివాడు.

"డాక్టర్ శిల్ప, బెంగళూరు. 5, 6, 4, 7, 5, 6, 5, 6, 4. ఇక్కడ ఎవరూ కనబడలేదు. ఈ ఇసుకను ఇంత శ్రద్ధగా చదును చేసిన మనిషిని చూసి పోవాలని చాలాసేపు కూర్చున్నాను. ఎండ ముదిరింది. ఆఖరి బంతిని గుంతలోనే వదిలి వెళ్తున్నాను."

ఫోన్ తెరిచాడు. అది మోగింది, భూపేష్.

"యాడ పోయినావప్పా నువ్వు? ఆయమ్మ ఆరుకే వచ్చింది, సోలారోళ్ల కొత్త రోడ్డు మీద, కారులో. ఎన్నిసార్లు చేసినా నీ ఫోను ఎత్తవు. ఒక్కతే సంచి మోసుకోని ఆడి, పదిన్నర దాకా కూచోని పాయ."

"టేషన్ కాడికి పోయింటి సార్."

"టేషన్ కాడికి యాలప్పా" అన్నాడు భూపేష్. గొంతులో కోపం తగ్గింది. "సరే, పోనీలే. ఇంటికి పో."

ఏసేపు పుస్తకం ముందు కూర్చున్నాడు. తొమ్మిది అంకెలున్నాయి. నాలుగో కళ్లానికి ఏడు దెబ్బలు పట్టాయంట. ఎందుకు పట్టాయి? బంతి ముళ్లకంపల్లో పడిందా, ఇసుక మీదే తడబడిందా? పొద్దున ఇసుకలో అంతా రాసి ఉండింది. చదవగలిగినవాడు ఈ భూమ్మీద తాను ఒక్కడే, తుడిచేసినవాడూ తానే. ఆరేళ్లు ఎదురుచూసి, వచ్చిన అడుగులను తన చేత్తోనే చెరిపేశాడు, రెజీనా కుట్టిన గోనెపట్టతో. అప్పుడు ఏడ్చాడు. చూసేవాళ్లు లేరు గనక బాగా ఏడ్చాడు.

కొంతసేపటికి మొహం కడుక్కుని బయటికి వచ్చాడు. ఆ ఒక్క కళ్లం మిగిలి ఉంది. గట్టున నిలబడి గీతను మొదటి నుంచి చూసుకుంటూ వచ్చాడు. తొమ్మిదో కళ్లం గని వైపు కాస్త వాలి ఉంటుంది. కంటికి కనబడదు, కాళ్లకు తెలుస్తుంది. కొత్తవాళ్లు ఎవరైనా సూటిగా దొర్లిస్తారు, బంతి ఎడమకు జారుతుంది. ఆ ముక్క ఆటగాడి చెవిలో వేయడానికే సంచి మోసేవాడు ఉండేది. తాను ఉంటే చెప్పేవాడు. మూడు దెబ్బల్లో అయిపోయేది ఆయమ్మకు. పుస్తకంలో నాలుగు బదులు మూడు ఉండేది.

ఏసేపు చెక్కను తీసి గట్టు అవతల పెట్టాడు. చెప్పులు విడిచి ఇసుక మీద అడుగుపెట్టాడు. నూనె ఇసుక అరికాళ్లకు చల్లగా తగిలింది. గీతను తొక్కకుండా పోయి, గుంత పక్కన, గీతకు పడమటి దిక్కున నిలబడ్డాడు. పొద్దుటి పూట సంచి మోసేవాడు నిలబడాల్సింది అక్కడే, తన నీడ బంతి దారిలో పడకుండా. ఇప్పుడు పొద్దు పడమట ఉంది గనక నీడ గీత మీదే పడింది. ఆట పొద్దునే అయిపోయింది గనక ఆయన జరగలేదు. జెండా కర్రను నిటారుగా పట్టుకుని, అంచు దగ్గరి చిన్న అడుగుల వైపు చూసి, వినబడీ వినబడకుండా చెప్పాడు.

"జానెడు కుడి పక్కకు పట్టండమ్మా."

బంతి దొర్లడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు. తర్వాత కర్రను గుంతలో పెట్టి, బంతిని దానికి ఆనించి, వచ్చిన అడుగుల మీద అడుగు వేసుకుంటూ బయటికి వచ్చాడు. చెక్కను షెడ్డులో మూలకు నిలబెట్టి తాళం వేశాడు. మరునాడు ఆదివారం, ఎట్లాగూ లాగడు. సోమవారం యంత్రాలు వచ్చేదాకా ఆ దారిన పోయేవాళ్లెవరు చూసినా, తొమ్మిదో కళ్లం మీద ఇద్దరు నిలబడి ఆట ముగించి పోయారనే అనుకోవాలి.